వేళ తప్పిన కడుపు

చిన్నపోలయ్య కడుపును బట్టి ఆ వీధివాళ్ళు పొద్దు తెలుసుకునేవాళ్ళంటే అబద్ధం కాదు. తూరుపున సరస్సు మీద నలుపు వదలకముందే లేచేవాడు. కుండ వంచి చెంబెడు చన్నీళ్ళు గటగటా తాగేవాడు. అరుగు మీద కూర్చుని బీడీ వెలిగించేవాడు. బీడీ సగం కాలేసరికి లోపల్నించి పిలుపు వచ్చేది. మిగతా సగం ఆర్పి చెవిసందున దోపుకుని, బొక్కెన పట్టుకుని పెరట్లో మరుగుదొడ్డి వైపు నడిచేవాడు. ఆ బొక్కెన చప్పుడు విని పక్కింటి ఆడవాళ్ళు పొయ్యి రాజేసేవాళ్ళు.

"రాకెట్టన్నా ఒక్కోసారి వాయిదా పడతాది గానీ మా బావ పడడు," అనేవాడు చెంగయ్య.

సరస్సుకు ఆవల దీవిలోనే రాకెట్లు వదులుతారు. వదిలినప్పుడల్లా ఊళ్ళో రేకులన్నీ అదురుతాయి. అందుకని అక్కడ ఏ మాట ఎత్తినా రాకెట్టు దగ్గరికి పోయి ఆగుతుంది. చెంగయ్య చిన్నపోలయ్యకు చెల్లెలి మొగుడు. ఇద్దరిదీ ఒకే పడవ, ఒకే వల. పొత్తులో ఇంకో ఇద్దరున్నారు. వలను పట్టే ముందు తాడు మాత్రం చిన్నపోలయ్యది. తండ్రి చనిపోయిన ఏడాది చేతికొచ్చిన తాడు అది. దాన్ని పట్టుకుని పడవ మొనన నిలబడితే, వల కింద ఏముందో అరచేతికి తెలుస్తుందని అతని నమ్మకం. అతనలా చెప్పడు. చెప్పే మనిషి కాడు. నిలబడే తీరు చూస్తే తెలుస్తుంది.

అలాంటి మనిషి వల్ల ఒక రోజు పడవ వంతు పోయింది.

సరస్సులో చేపలు బాగా పడే తావులకు వంతులుంటాయి. అన్ని పడవల వంతులూ అయ్యాక గానీ మళ్ళీ మన వంతు రాదు. వంతు రోజు తావు చేరగానే గంగమ్మకు కర్పూరం వెలిగించి, నీళ్ళకు మొక్కి వల దించుతారు. వల దించింది మొదలు పైకి లాగేదాకా ఆ నీళ్ళను ఎవరూ మైల చేయకూడదు. ఎవరికైనా ఆగని అవసరం వస్తే వల ఎత్తుకుని గట్టుకు రావాల్సిందే. వచ్చారా, వెనక కాచుకున్న పడవ ఆ తావులోకి దూరుతుంది. అది వాళ్ళ హక్కు.

ఆ రోజు వల సగం దించారో లేదో, "చెంగా," అన్నాడు చిన్నపోలయ్య మెల్లగా.

"ఏంది బావా?"

"పడవ తిప్పాల."

"ఏం? తాడు తెగిందా?"

చిన్నపోలయ్య మోకాళ్ళు దగ్గరికి చేర్చి, పడవ అంచును రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. నుదుటి మీద చెమట. చెంగయ్యకు అర్థమైంది. అర్థమైనాక నమ్మబుద్ధి కాలేదు.

"పొద్దున పోలేదా?"

"పోయినా. రాలేదు."

"ఇప్పుడొచ్చిందా?"

"వచ్చింది."

"కొంచేపు పట్టుకో బావా, నీకు దండం పెడతా."

"దండాలకు ఆగేది కాదురా ఇది."

పడవ తిప్పారు. వెనక పడవవాళ్ళు నవ్వు ఆపుకోలేక గెడలు వదిలేసి కూర్చున్నారు. కాసేపటికి ఆ తావులోనే వాళ్ళ వల నిండా మడవ చేపలు ఎగిరెగిరి పడుతుంటే, చిన్నపోలయ్య చిల్లచెట్ల పొదల చాటు నుంచి వచ్చి గట్టున నిలబడి చూశాడు.

చెంగయ్య అరవలేదు. అరిచినా బాగుండేది. చుట్ట అంటించుకుని, "ఇదిగో బావా, వచ్చే వంతుకు నీ కడుపు దోవలో ఉంటే రా. లేకుంటే గట్టున కూచో. ముందు తాడు నేను పట్టుకుంటా," అన్నాడు. మిగతా ఇద్దరూ నేల చూశారు. అంటే వాళ్ళదీ అదే మాట.

ఆ రోజు నుంచి చిన్నపోలయ్య కడుపుకు సేవలు మొదలయ్యాయి. పొద్దున్నే రెండు చెంబుల నీళ్ళు తాగాడు. అరటిపండ్లు తిన్నాడు. వేడి టీ తాగి అరుగు మీదే అటూ ఇటూ నడిచాడు. ఒకటికి రెండు బీడీలు కాల్చాడు. లోపల్నించి పలుకు లేదు. ఎండ ఎక్కాక, సరస్సు మధ్యలో ఉన్నప్పుడో, వేలంపాట దగ్గర చేపల గంప ఎత్తుకున్నప్పుడో మాత్రం కడుపు ఉన్నట్టుండి నిద్ర లేచేది. కడుపు కదులుతుందని ఎవరో చెబితే తడ బజారుకు పోయి సునాముఖి ఆకు తెచ్చుకుని కషాయం తాగాడు. అది పని చేసింది. చేయాల్సిన వేళకు కాదు. తిరుగు బస్సులో చేసింది. ఆ బస్సు సంగతి చిన్నపోలయ్య ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఎందుకిలా అయిందో అతనికి తోచలేదు. ఏ చేప చీకటి పడ్డాక మేతకొస్తుందో, ఏది తెల్లవారుతుండగా వస్తుందో, రొయ్య ఏ వేళ మట్టి వదిలి పైకి తేలుతుందో అన్నీ తెలిసినవాడు. తాను ఏ వేళకు తింటున్నాడో మాత్రం చూసుకోలేదు.

ఆ ఇంట్లో రాత్రి కూడు వేళ మారి రెండు నెలలు దాటింది. కొడుకు ముఖేష్ చెన్నై హార్బరులో పెద్ద బోట్ల మీద పనికి పోతాడు. వారాల తరబడి రాడు. కోడలు రోజారమణి తడ దగ్గర బూట్ల కంపెనీలో చేరింది. రెండో షిఫ్టు. మధ్యాహ్నం కంపెనీ బస్సు ఎక్కితే, ఊరు సద్దుమణిగాక దిగుతుంది.

చేపలు పట్టి బతికే ఆ ఊరి పల్లెకార్లలో ఒక అలవాటుంది. నీళ్ళ మీద నుంచి ఎంత పొద్దుపోయి వచ్చినవాడికైనా ఒంటరి కంచం పెట్టరు. ఇంట్లో ఎవరో ఒకరు ఆకలి ఆపుకుని ఉండి, ఎదురు కంచం పెట్టుకుని తోడు తింటారు. చిన్నపోలయ్య తల్లి అలా తినేది. తరవాత అతని పెళ్ళాం ముసలమ్మ తినేది. కోడలు పనిలో చేరిన మొదటి రోజు ముసలమ్మ మోకాళ్ళ నొప్పులతో ముందే పడుకుంటే, చిన్నపోలయ్య తానే రెండు కంచాలు ఎదురెదురుగా పెట్టుకుని కూర్చున్నాడు. నీళ్ళ మీద నుంచి వస్తేనేం, కంపెనీ నుంచి వస్తేనేం? ఆ పిల్ల వచ్చి, రెండో కంచం చూసి, చున్నీతో కళ్ళు ఒత్తుకుంది. మరునాడు నుంచి అదే వాడుకైంది. దీపాలు పెట్టే వేళకు తిని పడుకునే మనిషి, నిద్ర ఆపుకుని, ఆకలి మీద రెండింతలు తిని, ఆ బరువుతోనే మంచం ఎక్కుతున్నాడు.

వంతు ఇంకో వారముందనగా, ఒక పొద్దున చిన్నపోలయ్య పందిరి కింద వల బాగు చేసుకుంటున్నాడు. వంటింటి వాకిట్లో ముసలమ్మ చేపలు తోముతోంది. రోజారమణి పొయ్యి దగ్గర వాము వేయిస్తోంది.

"ఏమే రోజా, పొద్దస్తమానం వాము నములుతుండావు. సద్దన్నం వొద్దంటావు. నెల తప్పిందా?" అంది ముసలమ్మ.

"అయ్యో, అది కాదత్తా."

"నాకాడ సిగ్గేంది? ముఖేషుకు ఫోను చెయ్యమంటావా?"

"చెయ్యొద్దత్తా! కడుపుబ్బరం, అంతే." రోజారమణి గొంతు తగ్గించింది. తగ్గించినా పందిరి దాకా వినపడింది. "పెరట్లోకి పోయి నాలుగు దినాలైంది. పోతా, కూచుంటా, వస్తా."

"కంపెనీలో ఏం తగలేస్తుండారు మీకు?"

"కాంటీన్లో బాగానే పెడతారత్తా. దీపాలు పెట్టే యాళకే సాంబారన్నం, పెరుగన్నం. కడుపు నిండా తింటా."

చేప తోమే చప్పుడు ఆగింది.

"అక్కడ తినేసి, మళ్ళా ఇంటికొచ్చి తింటుండావా?"

రోజారమణి వాము మూకుడు దించి కింద పెట్టింది.

"నిన్నేనమ్మే అడిగేది."

"మామ కూచోనుంటాడు గదత్తా. రెండు కంచాలు పెట్టుకోని, కునికిపాట్లు పడతా. అంత పెద్దాయన నాకోసం ఆకలితో ఉంటే, నేను తినొచ్చినానని ఏ మొగంతో చెప్పేది? మొదటి దినమే చెప్పుండాల్సింది. చెప్పలేకపోయినా. ఇంక ఎట్టా చెప్పను?"

పందిరి కింద వల అల్లే సూది కదలడం మానేసింది. చిన్నపోలయ్య వీపు ఇటే ఉంది. ఆ వీపు కూడా సిగ్గుపడినట్టు ముడుచుకుంది.

ముసలమ్మ లేచి, చేతికున్న చేప పొలుసులతోనే పందిరి కిందికి వచ్చింది.

"వింటివా అయ్యా? నీకోసం ఆ పిల్ల రెండు మాట్లు తింటాది. ఆ పిల్ల కోసం నువ్వు దెయ్యాలు తిరిగే యాళకు తింటావు. ఒకరికి రాదు, ఒకరికి రాకూడని చోట వస్తాది. మధ్యన పులుసు కాచలేక నేను చస్తుండా!"

"నాకేం తెలుసే? పిల్ల వొంటిగా తింటాదని..."

"అడగొచ్చు గదా. నోట్లో ముత్యాలుండాయా, రాలిపోయేదానికి?"

లోపల రోజారమణి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందేమోనని చిన్నపోలయ్య భయపడ్డాడు. కాదు, నవ్వుతోంది. అది చూసి అతనికి ప్రాణం కుదుటపడింది.

ఆ సాయంత్రమే చిన్నపోలయ్య మళ్ళీ దీపాల వేళకు కంచం ముందు కూర్చున్నాడు. సగం ఆకలే అయింది. ముసలమ్మ ఎదురు కూర్చుని తింది. రాత్రి బస్సు చప్పుడుకు మెలకువ వస్తే, మంచంలోంచే, "వచ్చినావామ్మా?" అన్నాడు. "వచ్చినా మామా, పడుకో," అంది కోడలు. చెంబెడు మజ్జిగ తాగి పడుకున్నట్టు గిన్నె చప్పుడైంది.

కడుపు మాత్రం వెంటనే మాట వినలేదు. కొట్టం మారిన గొడ్డులాగా మొరాయించింది. మొదటి పొద్దున ఏమీ లేదు. మరుసటి పొద్దున బీడీ అయిపోయాక కాస్త గుడగుడలాడి ఊరుకుంది. చిన్నపోలయ్య బలవంతపెట్టలేదు. సునాముఖి పొట్లం తీసి పొయ్యిలో వేశాడు. వేళకు తిన్నాడు, వేళకు పడుకున్నాడు, వేళకు లేచాడు. వంతు ముందు రోజు కడుపు వచ్చింది గానీ ఆలస్యంగా వచ్చింది. పడవ వెళ్ళే వేళ దాటాక. ఆ రోజంతా ముందు తాడును చుట్ట విప్పి, మళ్ళీ చుట్టి, చెంగయ్య ఇంటికి పంపించాలా వద్దా అని చూస్తూ కూర్చున్నాడు. ముసలమ్మ ఆ తాడు తీసి చూరుకు తగిలించింది.

వంతు రోజు తెల్లవారుజామున లేచాడు. చెంబెడు నీళ్ళు తాగాడు. అరుగు మీద కూర్చుని బీడీ వెలిగించాడు. గాలి సరస్సు మీద నుంచి చల్లగా వీస్తోంది. దూరాన గట్టు దగ్గర టార్చిలైట్లు కదులుతున్నాయి. పొగ పీల్చాడు, వదిలాడు. మనసును కడుపు మీదికి పోనీకుండా ఆ లైట్లను లెక్కపెట్టాడు. బీడీ సగానికి వచ్చింది.

పిలుపు వచ్చింది.

అనుమానం లేదు. పాత పిలుపే. చిన్నపోలయ్య బీడీ ఆర్పి చెవిసందున దోపుకుని, సంతోషంగా పెరట్లోకి నడిచాడు. బొక్కెన లేదు. మరుగుదొడ్డి తలుపు వేసి ఉంది. లోపల నీళ్ళ చప్పుడు.

గిరుక్కున వెనక్కి తిరిగి, ఇంటి మూలకు వచ్చి నిలబడ్డాడు.

"ఎవురే లోపల?" అన్నాడు గుసగుసగా.

"రోజా," అంది ముసలమ్మ పళ్ళు తోముకుంటూ. "నిన్నట్నించి ఆ పిల్లకు కూడా ఇదే యాళకు."

మామగారు దగ్గు చప్పుడు చేయరాదు. తలుపు కొట్టరాదు. కోడలు లోపలుందని తనకు తెలిసినట్టు కూడా ఉండరాదు. గట్టు మీద నుంచి చెంగయ్య ఈల వేశాడు. చిన్నపోలయ్య ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారాడు. ఇన్నాళ్ళూ రాలేదని బాధ. ఈరోజు వచ్చింది, చోటు లేదు.

ముసలమ్మ అతని మొహం చూసి, నీళ్ళ సీసా చేతిలో పెట్టింది.

"చిల్లచెట్లు యాడికీ పోలేదు. పో."

పోయాడు. అంత వేగంగా అతను నడవడం ఆ మధ్యకాలంలో ఎవరూ చూడలేదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం నిదానంగా, చేతులు ఊపుకుంటూ, తుళ్ళుతున్న నీళ్ళ వైపు చూస్తూ వచ్చాడు. కాళ్ళూ చేతులూ కడుక్కుని, చూరున ఉన్న తాడు అందుకుని, గట్టుకు చేరాడు.

చెంగయ్య పడవ మొనన నిలబడి ఉన్నాడు.

"ఏంది బావా, వాయిదానా?"

"పోయొచ్చినా."

"పూర్తిగా?"

"దిగరా చెంగా, నా చోట్లోంచి."

చెంగయ్య బావ మొహాన్ని టార్చి వేసి చూశాడు. చూసి, వెనక్కి జరిగాడు. మిగతా ఇద్దరూ నవ్వుతూ గెడలు వేశారు. తావు చేరాక కర్పూరం వెలిగించి, నీళ్ళకు మొక్కి, వల దించారు. వల పూర్తిగా పరుచుకుంది. ఎండ పొడ వచ్చేసరికి తాడు అతని అరచేతిలో కొట్టుకోసాగింది.

మధ్యాహ్నం ఇంట్లో మడవల పులుసు. బస్సుకు ఇంకా వ్యవధి ఉంది. రోజారమణి కంపెనీ చొక్కా తొడుక్కుని కూర్చుంది. చిన్నపోలయ్య తానే వెళ్ళి రెండో కంచం తెచ్చి ఆమె ఎదురుగా పెట్టుకున్నాడు. ఒంటరి కంచం ఎప్పుడైనా ఒంటరి కంచమే. తోడు తినేదానికి పగలేమి, రాత్రేమి?

రోజారమణి నెమ్మదిగా, ఇష్టంగా తింది. ఇంకో ముక్క వేయించుకుంది. వాము డబ్బా గూట్లోనే ఉంది.

ముసలమ్మ పులుసు గరిటె పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఇదిగో, చెప్తుండా. సరస్సుకే వంతులుండాయి. రేపట్నించి పెరట్లో దానికీ ఉండాల. ఎవురు ముందో ఇప్పుడే తేల్చుకోండి."

కోడలు తల కంచం మీదికి వంచేసింది. భుజాలు మాత్రం నవ్వుతో కదులుతున్నాయి. చిన్నపోలయ్య ముల్లు తీసి పక్కన పెట్టి, ఇంకో ముద్ద కలుపుకుని, తల ఎత్తకుండా అన్నాడు.

"ఆ పిల్లనే ముందు పొమ్మనే. నాకు బీడీ ఉండాది గదా."