కంబళి మీద మంద

మా నాయన చెన్నప్పకు ఎన్ని గొర్రెలున్నాయో నన్ను అడగకండి. మా ఇళ్ళలో మందను నోటితో లెక్కపెట్టరు. లెక్క బయటపడితే దిష్టి తగులుతుంది, దిష్టి తగిలితే మందకు రోగమొస్తుంది. సాయంత్రం దొడ్డిలోకి తోలేటప్పుడు ఆయన ఒక్కోదాని ముఖం చూసుకుంటాడు. ఏ ముఖం తగ్గినా ఆయనకు తెలిసిపోతుంది. టీకాలు వేయడానికి వచ్చిన పశువుల డాక్టరు ఎన్నున్నాయని అడిగితే "ఉండాయిలేప్పా, దేవుడిచ్చినన్ని" అంటాడు. మందు ఎంత తేవాలో తెలియక పాపం ఆ డాక్టరు నెత్తి కొట్టుకుంటాడు.

ఈ సంగతి మా అన్న కూతురు ఈశ్వరికి తెలియదని కాదు. ఆ దొడ్డిలోనే పెరిగిన పిల్ల. హైదరాబాదుకు డిజైను చదవడానికి పోయాక మరిచిపోయిందేమో అనుకున్నాను.

ఆఖరి సంవత్సరం కదా, కాలేజీ ప్రదర్శనలో పెట్టడానికి సొంతంగా ఒక వస్తువు తయారుచేయాలట. దానికోసం ఎండలు ముదిరిన వేళ ఊళ్ళో దిగింది. నాకు కదిరి బస్టాండు దగ్గర ఆటో ఉంది. పేరుకు నాదే, ఆ సెలవుల్లో మాత్రం ఆమెదే. ట్యాబు ఒళ్ళో పెట్టుకుని, మంద ఎక్కడుంటే అక్కడికి తోలమనేది. బీళ్ళలో ఆటో తోలితే టైర్లు ఏమవుతాయో ఈ చదువుకున్నవాళ్ళకు ఎవరు చెప్పాలి?

అక్కడ బోర్లా పడుకుని గొర్రెల బొమ్మలు గీసేది. ముందు నడిచే పొట్టేలుకు సర్పంచి అని పేరు పెట్టి మెడలో కండువా వేసింది. ఎవరి చెప్పులు కనబడినా నమిలేది చెప్పులదొంగ. పక్కదాని నీడలో తల దూర్చి మధ్యాహ్నమంతా కునికేది సోమరి. మా నాయన వెనకాలే కాలు ఈడ్చుకుంటూ నడిచే ముసలి కుంటెమ్మకేమో కళ్ళజోడు పెట్టింది. అన్నీ చిన్న చిన్న గళ్ళతో గీసిన బొమ్మలు. గడి గడికీ పోగు చూసుకుంటూ నేస్తే అదే బొమ్మ ప్రదర్శనకు నేయించే కంబళి మీదికి వస్తుందట. బొమ్మ అడుగున ఒక చిప్పు కుడుతుందట, దానికి ఫోను ఆనిస్తే ఆ గొర్రెను మా నాయన పిలిచే పిలుపు వినబడుతుందట.

ఆ పిలుపులు రికార్డు చేసిన రోజు, సరిగ్గా వచ్చాయో లేదో చూద్దామని ఆటోలో కూర్చుని ఫోను గట్టిగా పెట్టింది. అంతే, మంద మొత్తం మేత వదిలి నా ఆటో మీదికి ఉరికింది. చెప్పులదొంగ సీటెక్కేసింది. సర్పంచి ముందు అద్దానికి కొమ్ము విసిరాడు. మా నాయన గట్టు మీద ఒంటరిగా నిలబడి "ఒరే తిప్పేస్వామీ, ఆ కూత ఆపమనరా!" అని నా మీద అరుస్తున్నాడు. ఈశ్వరి కడుపు పట్టుకుని నవ్వింది. నిజం చెప్పాలంటే నాకూ నవ్వొచ్చింది, అద్దం పగిలింది కాబట్టి నవ్వలేదు.

నేత దగ్గరికి వచ్చేసరికి చిక్కొచ్చి పడింది. ఊళ్ళో ఇంకా పనిచేసే గుంత మగ్గం మా నాయనదొక్కటే. ఈశ్వరి బొమ్మలన్నీ వరుసగా పేర్చి ఆయనకు చూపించింది. ఆయన మొదట మురిసిపోయాడు. తర్వాత వేలు ఒక్కో బొమ్మ మీదుగా జరుగుతూ పోయింది, ముఖం మారిపోయింది.

"అన్నీ వేసినావు గదా పాపా! ఇది ఊరందరికీ లెక్క చూపించినట్ల కాదా? నేను నెయ్యను."

"బొమ్మలే కదా తాతా!"

"బొమ్మకు తగిలితే గొర్రెకు తగల్దా?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం ఆయన. మనవరాలు ఆయనకేమీ తీసిపోదు. ఇద్దరూ మాటలు మానేశారు. ప్రదర్శన దగ్గరపడుతోంది, కంబళి లేకపోతే ఆ పిల్ల ఏడాది కష్టమంతా బూడిదలో పోసినట్టే. బెంగుళూరులో ఏ గుడ్డ మీద కావాలన్నా మిషనుతో బొమ్మలు అచ్చు వేసిస్తారని నేను సలహా ఇచ్చాను.

"అవ్వ వడికిన ఉన్ని, తాత చెయ్యి లేకుంటే అది ఉత్త దుప్పటి చిన్నాయనా. నాకొద్దు" అని మూతి తిప్పుకుంది. ఆ ఒక్క మాటకు అద్దం సంగతి క్షమించేశాను.

చివరికి మా అమ్మ తిరుపాలమ్మ రాట్నం ఆపి ఇద్దరినీ కసిరింది.

"మీ పంతాలు పాడుగాను! లెక్క చెప్పక తప్పనప్పుడు మన పెద్దోళ్ళు ఒకటి ఇడిసిపెట్టి చెప్తాండ్రి గదా? ఆ పాపను గూడా ఒకటి ఇడిసిపెట్టమను."

మా నాయన గొణిగాడు గానీ ఒప్పుకున్నాడు. "ఏది ఇడిసిపెడతావో నువ్వే చూసుకో" అన్నాడు.

మర్నాడు ఈశ్వరి ట్యాబు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఏది తీసేసిందో చెప్పలేదు. దొడ్డి వాకిట్లో చూసుకున్నట్టే ఆయన ముఖాలు చూసుకుంటూ పోయాడు. సర్పంచి ఉన్నాడు. చెప్పులదొంగ ఉంది. సోమరి ఉంది. చివరిదాకా పోయి మళ్ళీ మొదటికి వచ్చాడు.

"కుంటెమ్మ యాడ?"

"దాన్నే ఇడిసిపెట్టినా తాతా."

"కాలు ఈడుస్తాదని తీసేసినావా? నీ బొమ్మల్లో అందం చెడిపోతాదనా?" ఆయన గొంతు లేచింది. "ఈ ఎండాకాలం దాటుతాదో లేదో తెలీదు. పోయినా దాని గుర్తన్నా కంబళి మీద ఉంటాదనుకుంటి. పట్నం పోయి ఇదేనా నువ్వు నేర్చుకొనింది?"

నాకూ కోపం వచ్చింది. అన్నిట్లోకీ బాగా కుదిరిన బొమ్మ అది. దాన్ని తీసేయడానికి చేతులెలా వచ్చాయి ఈ పిల్లకు?

ఈశ్వరి కళ్ళు నిండాయి. "నాకు అన్నిట్లో ఇష్టమైన బొమ్మ అదే తాతా. ఆడ ఎంతమంది చూస్తారో ఏమో. మిగతావన్నీ గట్టిగా ఉండాయి, ఎంత దిష్టయినా తట్టుకుంటాయి. కుంటెమ్మ తట్టుకోలేదు. అందుకే దాన్ని ఎవరికీ చూపించకూడదనుకున్నా."

నాకు సిగ్గేసింది, దాని వెంటే ఆ పిల్ల మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. ఇంత ఎండలో ఊరంతా నన్ను తిప్పినా సరే, టైర్లు పోయినా సరే అనిపించింది.

మా నాయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ట్యాబు తిరిగిచ్చి, మనవరాలి తల మీద చెయ్యి పెట్టి, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"ఆ పెట్టెలో దాని బొమ్మ ఇంకా యాడన్నా ఉండాదా?"

"నాకోసం ఒకటి దాచిపెట్టుకున్నా తాతా."

"తీసెయ్ తల్లీ. దాని పిలుపు గూడా తీసెయ్. వాన పడేదాకా మనం గూడా దాని పేరు ఎత్తొద్దు."

ఆయన చూస్తుండగానే ఈశ్వరి అన్నీ తుడిచేసింది. నేతకు ముందు పడుగు దారాలకు పట్టించే చింతపిక్కల గంజి కోసం మా అమ్మ పొయ్యి దగ్గరికి లేచింది. మా నాయన మగ్గం గుంత మీది గోనెపట్ట లాగేసి, దుమ్ము దులిపి, లోపలికి కాళ్ళు దించి కూర్చున్నాడు.

"ఏ గొర్రెతో మొదలుపెడదాము, చెప్పు పాపా" అన్నాడు.