ఎవరి పేరున అర్జీ

రాయగడ కచేరీలో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసిన లక్ష్మీనరసింహం రాయలేని అర్జీ లేదని ఊళ్లో పేరు. ఆయన అర్జీకి పైన అధికారి హోదా పడాల్సిందే. ఆ తర్వాతే కలం కదులుతుంది. పక్కింటి రామతులసి కోసం మాత్రం పొద్దుటినుంచి ఆ మొదటి వరుస దగ్గరే ఆగిపోయాడు. విదేశంలో సీటొచ్చిన పిల్లకి, అక్కడి సర్కారు నిబంధనలు మార్చిందంటూ వీసా ఆపేశారు.

"ఆపినోడి హోదా ఏటమ్మి?"

"తెలీదు తాతగారూ. మెయిలొచ్చింది. దీనికి జవాబు రాయొద్దని కిందే ఉంది."

ఉత్తరం రాసి జవాబు పుచ్చుకోని అధికారిని ఆయన తన సర్వీసులో చూడలేదు. ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో మాత్రం అంతుపట్టలేదు. చివరికి పై వరుస ఖాళీగా వదిలేసి, 'ఇలా ఆగిపోయిన పిల్లలందరి తరఫున' అని మొదలుపెట్టి రెండు పేజీలు నింపాడు. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీల వరుసలో నిలబడి ఇచ్చి వచ్చాడు.

"ఏటన్నారు తాతగారూ?" గుమ్మంలోనే అడిగింది రామతులసి.

ఆయన నకలు తీసి, దానిమీది ఊదారంగు ముద్రను వేలితో తడిమాడు.

"అందిందని ముద్రేసేరమ్మి. ఎవరికందిందో మాత్రం సెప్పలేదు."