మీటలు లేని ట్రంపెట్

మిరపకాయల మిల్లులో పనిచేస్తూ కుడిచేతి నడిమివేలు, ఉంగరంవేలు బెల్టుకు పోగొట్టుకున్నాక, జయరావు తన ట్రంపెట్‌ను పెట్టెలో పెట్టేశాడు. దాని మూడు మీటలు నొక్కడానికి మూడు వేళ్లు కావాలి. ఎడమచేత్తో ప్రయత్నించాడు గానీ చెయ్యి మాట వినలేదు. గుంటూరు చర్చి వాద్యబృందంలో అతని కుర్చీలో మరెవరూ కూర్చోలేదు.

బ్రాడీపేటలో బ్యాండు వాయిద్యాలు బాగుచేసే నజ్మీన్‌కు ఆ సంగతి తెలిసి, కబురు పెట్టింది. అతను రాగానే ఫోన్‌లో ఒక మ్యూజియం ఫొటో చూపించింది.

"పాతకాలపు ఇంగ్లీషు ట్రంపెట్, మాస్టారూ. అక్కడి ఆర్కెస్ట్రాల్లో వాయించేవాళ్లు. దీనికి మీటలుండవు. వెనకున్న ఈ గొట్టాన్ని గడ్డం వైపు లాగితే స్వరం దిగుద్ది. వదిలితే స్ప్రింగు దాన్ని మళ్లీ లోపలికి లాక్కుంటుంది. మీకున్న వేళ్లు చాలు."

"ఎక్కడ దొరుకుద్దమ్మా?"

"దొరకదు. నేను చేస్తా."

ఇత్తడి రేకు కత్తిరించి, అంచులు కలిపి అతికించి, ఇనుప అచ్చు మీద సాగగొట్టి, నాదం బయటికొచ్చే వెడల్పాటి బూర మూతి తీసింది. గొట్టాలు నొక్కుకుపోకుండా లోపల సీసం పోసి వంచి, తర్వాత దాన్ని కరిగించి తీసేసింది. పాత గోడగడియారం స్ప్రింగు బిగించింది.

జయరావు ఊదాడు. నాదం నిండుగా వచ్చింది. కానీ లాగి వదిలిన గొట్టం సగంలోనే ఆగిపోయింది. నజ్మీన్ గట్టి స్ప్రింగు వేసింది. ఈసారి గొట్టం విసురుగా వెళ్లి తగిలి, పెదవి అదిరి స్వరం విరిగింది.

అతను ట్రంపెట్ బల్ల మీద పెట్టాడు. "పోనీలేమ్మా. నీ కష్టం వృథా."

"నా కష్టం సంగతి నేను చూసుకుంటా. రేపు రండి."

అతను వెళ్లాక ఆమె జారే గొట్టాల జంటను కొలిచి చూసింది. రెండూ సమానదూరంలో లేవు, ఒక కొసన వెంట్రుకవాసి దగ్గరయ్యాయి. అందుకే జారుతూ పట్టేస్తున్నాయి. తప్పు స్ప్రింగుది కాదు. అతుకులు కరిగించి, గొట్టాలను సరిచేసి మళ్లీ అతికించింది. మొదటి స్ప్రింగే తిరిగి బిగించింది.

మర్నాడు గొట్టం నూనె మీద జారినట్టు వెళ్లొచ్చింది. జయరావు రెండోసారి లాగి పరీక్షించలేదు, నేరుగా పాట ఎత్తుకున్నాడు. పక్క క్లినిక్‌లో జనం బయటికొచ్చి నిలబడ్డారు.

కొత్త అలవాటు పెదవికీ వేలికీ పట్టేసరికి చలికాలం వచ్చింది. క్రిస్మస్ ఆరాధనలో అతను తన కుర్చీలో కూర్చుని, చివరి పాటలో ఎత్తయిన స్వరాన్ని తడబడకుండా అందుకున్నాడు. వెనక వరుసలో నజ్మీన్ కళ్లు మూసుకుని వింది.

బయట అతను చెమ్మగిల్లిన కళ్లతో ఏదో చెప్పబోయాడు.

"బూర మూతి కాస్త మందమైంది, మాస్టారూ," అందామె. "రెండోది పల్చటి రేకుతో చేస్తా. ఇంకా బాగా మోగుద్ది."