తలుపు వేశాక వచ్చే జవాబు

నాకు ఓపిక లేదు. ఉన్నట్టు నటించడం కూడా చేతకాదు. అన్నం ఉడికేలోగా పదిసార్లు మూత తీస్తాను, లిఫ్టు వచ్చేలోగా మెట్లెక్కేస్తాను. "నువ్వు పుట్టడం కూడా తొందరపడి నెల ముందే పుట్టావే తల్లీ" అంటుంది మా పిన్ని.

అలాంటిదానికి దేవుడు చిలకనిచ్చాడు. చిలకంటే మా అమ్మాయి. పుట్టగానే వార్డు అదిరిపోయేలా ఏడ్చిందని పిన్ని పెట్టిన ముద్దుపేరది. పేరు పెట్టిన వేళావిశేషమేమో, నాలుగో ఏడు వచ్చినా దాని నోట్లోంచి ఒక్క మాట రాలేదు. చెవులు బాగానే ఉన్నాయన్నారు. మాటలు నేర్పే డాక్టరమ్మ మాత్రం, "ఒకసారి అడగండి, అడిగి కాస్త ఆగండి" అంది. ఇన్నేళ్ళూ నేను చేస్తున్నదేమిటమ్మా, ఆగడం కాదా? నేనేమైనా పద్యాలు చదవమన్నానా? ఒక్క మాట. "అమ్మా" కాకపోతే "ఛీ పో" అయినా సరే, నా పిల్ల గొంతు నేను వినాలి. అదొక్కటే నాకున్న కోరిక.

పొద్దున్నపూట చిలక కిటికీ పక్కన నేల మీద కూర్చుంటుంది. ఎండ పలకలా పరుచుకుంటుంది. అందులో దుమ్ము మెల్లగా తేలుతూ ఉంటే చూస్తూ ఉండిపోతుంది. నేను ఆ ఎండని తొక్కుకుంటూ అటూ ఇటూ పరిగెడుతూ ఉంటాను. "పాలా? నీళ్ళా? సరే, పాలే తాగు." ప్రశ్న నాదే, జవాబూ నాదే. మా ఆయన అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయి ఉంటాడు. నేను బ్యాగు తగిలించుకుని, చెప్పులేసుకుని, "చిలకా, వెళ్ళనా?" అంటూనే తలుపు లాగేసి మెట్లు దిగిపోతాను. ఇంట్లో పిన్ని తోడుంటుంది. పిన్నికి చెముడు. పక్కన పిడుగు పడినా "ఎవరో పిలిచినట్టుందే" అంటుంది.

మా ఆఫీసులో మందుల షాపుల కోసం యాప్ తయారుచేస్తాం. షాపతను మందు పేరు కొడితే, మా యాప్ గోడౌన్‌లో ఉన్న పాత ప్రోగ్రామ్‌ని "ఈ మందు ఉందా?" అని అడుగుతుంది. అది వెతికి, ఉందో లేదో చెప్పాలి. అంతే. ఒకరు అడగడం, ఒకరు చెప్పడం. ఎంత పెద్ద సాఫ్ట్‌వేర్‌ అయినా లోపల జరిగేది ఈ భాగోతమే. ఆ పాత ప్రోగ్రామ్‌ని మేమంతా తాతయ్య అంటాం. రాసినవాళ్ళు ఎప్పుడో ఉద్యోగాలు మారిపోయారు, తాతయ్య మాత్రం మిగిలాడు.

ఈమధ్య తాతయ్య పలకడం మానేశాడు. షాపుల్లో ఎక్కడ చూసినా తెర మీద "సమాధానం లేదు" అనే వస్తోంది. "తాతయ్యకి నూకలు చెల్లాయి, తీసిపారేద్దాం" అన్నాడు మేనేజరు. నేనూ వంతపాడాను. "ఎన్నిసార్లడిగినా ఉలుకూ పలుకూ లేదండీ. గోడకి చెప్పుకున్నా నయం!" అన్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. తీసేముందు ఓసారి చూడమని ఆ పని నాకే అంటగట్టారు.

మధ్యాహ్నం, బయట ముసురు. భోజనాలయ్యాక అందరూ కునికిపాట్లు పడుతున్నారు. ఒక తెర మీద వెళ్ళే ప్రశ్నలు, ఇంకో తెర మీద తాతయ్య చేస్తున్న పని. చూస్తూ చూస్తూ నాకూ రెప్పలు వాలాయి.

పొడుగాటి వరండా. ఎవరో పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చి, తలుపు తట్టి, "తాతయ్యా, ఉందా?" అంది. లోపల ముసలాయన మంచం మీంచి లేచాడు. కళ్ళజోడు తడుముకున్నాడు. అరలన్నీ ఓపిగ్గా వెతికాడు. దొరికింది. నవ్వుకుంటూ వచ్చి తలుపు తీస్తే వరండా ఖాళీ. అయినా "ఉందమ్మా" అన్నాడు, ఆ ఖాళీతోనే. మంచం దగ్గరికి చేరాడో లేదో మళ్ళీ తలుపు చప్పుడు. మళ్ళీ లేచాడు పాపం.

ఉలిక్కిపడి కళ్ళు తెరిచాను. ఎదురుగా తెర మీద జరుగుతున్నదీ అదే! మా యాప్ అడుగుతోంది, రెప్పపాటు ఆగుతోంది, లైను తెంపేసి మళ్ళీ అడుగుతోంది. తాతయ్య ఒక్క జవాబూ ఎగ్గొట్టలేదు. అన్నిటికీ చెబుతూనే ఉన్నాడు. వినడానికి అవతల ఎవరూ లేరు. ఎంతసేపు ఆగాలన్న ఆ గడువుని మేం టైమౌట్ అంటాం. యాప్ చురుగ్గా ఉండాలని మొన్నీమధ్యే మేమంతా చప్పట్లు కొట్టి మరీ తగ్గించుకున్న గడువు అది.

గడువు పెంచాను. ఒక్కసారి అడిగి, చేతులు కట్టుకుని కూర్చున్నాను. కిటికీ అద్దం మీద చినుకులు ఒకదాన్నొకటి కలుపుకుంటూ జారుతున్నాయి. "ఉంది" అన్నాడు తాతయ్య.

మేనేజరు అందరికీ టీ చెప్పాడు. నేను కప్పు పక్కన పెట్టేశాను. కళ్ళ ముందు మా ఇంటి తలుపే కనిపిస్తోంది.

మర్నాడు పొద్దున బ్యాగు తగిలించుకున్నాను. చెప్పులేసుకున్నాను. "చిలకా, వెళ్ళనా?" అన్నాను. అలవాటున చెయ్యి తలుపు మీదికి పోయింది. వెనక్కి లాక్కున్నాను.

కింద ఎవరింట్లోనో కుళాయి కారుతోంది. ఎండలో దుమ్ము తేలుతోంది. చిలక నా వైపు చూసింది. నా చెప్పులు చూసింది, తెరిచి ఉన్న తలుపు చూసింది. రెండోసారి అడగాలని గొంతు దాకా వచ్చింది. మింగేశాను. "ఏమే, ఇంకా కదలవేం?" అంది పిన్ని. నోటి మీద వేలేసుకుని ఆగమన్నాను. నా జన్మలో అంతసేపు ఒకచోట నిలబడలేదు.

చిలక పెదవులు కదిలాయి.

"వద్దు" అంది.

కొత్తగా నేర్చుకున్న మాటలా లేదు. నత్తి లేదు, తడబాటు లేదు. రోజూ అని అని నలిగిన మాటలా, నిదానంగా, స్పష్టంగా వచ్చింది. నేను మెట్లు దిగాక, ఆ మూసిన తలుపుకి ఎన్ని పొద్దులు చెప్పుకుందో నా తల్లి.

చెప్పులు విప్పేసి ఎండలో దాని పక్కన కూలబడ్డాను. ఏడుపు ఆగలేదు.

"ఏమైందే? ఏమందే అది?" అంది పిన్ని చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"వెళ్ళొద్దంది పిన్నీ!"

"ఆఁ? గట్టిగా చెప్పు!"

మేడంతా వినేలా అరిచాను.

"వెళ్ళొద్దందీ!"