పేపర్లు మెచ్చిన నీలం

మహాలక్ష్మి చెన్నైలో యానిమేషన్ సినిమాలకు కంప్యూటర్లో సముద్రాలు గీస్తుంది. తాజా సినిమాలో సముద్రం అచ్చం నిజంలా ఉందని పేపర్లన్నీ మెచ్చుకున్నాయి. సెలవుకు సొంతూరు బోగోలు వచ్చినప్పుడు, వల కుట్టుకుంటున్న తండ్రి చిన్నపోలయ్యకు ఆ సినిమా ఫోన్లో చూపించింది. అద్దంలాంటి నీలిరంగు నీళ్ళలోంచి ఒక జాలరి నిండు వల లాగుతున్నాడు.

చిన్నపోలయ్యకు ఒళ్ళు మండింది. "ఇంత తేట నీళ్ళలో వల ఎవడేస్తాడు? చేప వలను చూసి పక్కకి పోదా? కలక నీళ్ళలో గదా చేప పడేది. నా కూతురివి, నీకు తెలీదా?"

"తెలుసు నాయనా. ముందు మన కలక నీళ్ళే గీసినా. మురికిగా ఉన్నాయని సినిమావాళ్ళు మార్పించినారు."

"ఈసారన్నా గట్టిగా చెప్పు."

"ఏమని చెప్పేది? తర్వాతి సినిమాకీ ఆ నీలమే కావాలంటున్నారు. అచ్చం సముద్రమేనని పేపర్లో రాసినారు గదా."