తిజాని ఉన్న గుంట

ఆరో లారీ ఇసుక గుమ్మరించి వెళ్ళేసరికి గుంటలో ఖర్జూరపు చెట్ల మొదళ్ళు కనపడకుండా పోయాయి. బెల్గాసెం గట్టుమీద గొంతుక్కూచుని చూస్తున్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ మోకాళ్ళు పొద్దుటినుంచి సలుపుతున్నా లేవలేదు. పక్కన వదిన మబ్రూకా, ఆమె ఒళ్ళో నీళ్ళచెంబు.

గురువారం గురువారం మా ఆడవాళ్ళు తమవాళ్ళ సమాధుల మీద నీళ్ళు చల్లి వస్తారు. మబ్రూకా మొగుడు తిజానికి సమాధి లేదు. ఈ గుంటలోనే, ఇసుక కింద ఎక్కడో ఉన్నాడు. యాభై ఆరేళ్ళుగా ఆమె గట్టుమీద నుంచే చల్లుతోంది.

మా సూఫ్ ఎడారిలో చెట్టుకి నీళ్ళు పొయ్యరు. ఇసుకలో లోతుగా గుంట తవ్వి, చెట్టునే అడుగునున్న నీళ్ళ దగ్గరికి దించుతారు. ఆ గుంటే మాకు తోట. గాలి ప్రతిరోజూ ఆ గుంటని పూడుస్తుంది. ప్రతిరోజూ ఎవరో ఒకరు ఆ ఇసుకని బుట్టతో వీపున మోసి, వాలెక్కి పారబొయ్యాలి. మోసినవాడికి కూలి ముప్పై బుట్టలకి దోసెడు ఖర్జూరాలు, కోతలప్పుడు పంటలో ఐదో వంతు. ఈ పట్నాన్ని కట్టింది ఆ వీపులే. మాకు ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గు.

తర్వాత లోతు బావులొచ్చాయి, ఇంటింటికీ కుళాయి వచ్చింది. మురిసిపోయాం. వాడిన నీళ్ళు పెరట్లో గొయ్యి తీసి వదిలాం. ఎక్కడికి పోతాయని ఒక్కడూ అడగలేదు. ఇరవై ఏళ్ళకి అవి గుంటల్లో పైకి ఉబికాయి. చెట్లు నిలబడ్డచోటే కుళ్ళిపోయాయి. ఇప్పుడు దోమలు పెరుగుతున్నాయని గుంటలన్నీ పూడుస్తున్నారు.

అప్పుడే వచ్చింది నఫీసా. పట్నాన్ని తీర్చిదిద్దిన పెద్దల మాటలతో పుస్తకం వేస్తున్నారని, మూడు నెలల కిందట బెల్గాసెం దగ్గర కూచుని రికార్డు చేసుకున్న పిల్ల. ఆరోజు ఆయన తన జన్మలో మాట్లాడనంత మాట్లాడాడు. అన్న తిజాని సంగతి అచ్చులో చూస్తే ఎవరో ఒకరు లారీలు ఆపి తవ్విస్తారని ఆయన ఆశ.

"మీ మాటలే తాతా. ఒకసారి విని వేలిముద్ర వెయ్యండి" అని కాగితాలూ సిరా డబ్బీ తీసింది.

చదివింది. బుట్టలున్నాయి. తెల్లారకట్ట లేవడం ఉంది. ఈ తోట యజమాని లమీన్ గారి దయాగుణం కూడా ఉంది. ఆ మాట మాత్రం బెల్గాసెం అనలేదు.

"మా అన్నేడమ్మా?"

నఫీసా కాగితాలు సర్దడం మొదలుపెట్టింది.

"వాలు విరిగి అన్న మీద పడ్డ రోజు సంగతి చెప్పాను కదా. నువ్వు ఏడ్చావు కూడా."

"రాశాను తాతా. పైవాళ్ళు తీసేశారు. పుస్తకం అచ్చు వేయిస్తున్నది లమీన్ గారి మనవళ్ళు."

వాలు విరిగిన రోజు బెల్గాసెం అన్న కోసం చేతుల్తో ఇసుక తోడుతుంటే లమీన్ వచ్చి ఆపాడు. తవ్వితే వాలు మొత్తం జారి చెట్లు పోతాయన్నాడు. గెలలు పండడానికి ఇంకో మూడు వారాలే, కోత కానీ, తీద్దామన్నాడు. బెల్గాసెం తలూపాడు. పంటలో ఐదో వంతు తనది మరి. కోత అయింది. ఆలోగా గాలి ఇంకో నిలువెత్తు ఇసుక పోసింది. మరుసటేడు చెట్లు మళ్ళీ గెలలు వేశాయి. ఆ తలూపడం బెల్గాసెంని ఈనాటికీ తింటోంది.

మబ్రూకా నోరు తెరిచింది. "అమ్మాయ్, మీ పుస్తకంలో ఈ తోటలో ఎన్ని చెట్లో రాశారా?"

"రాశాం అవ్వా. అరవై రెండు."

"చూశావురా బెల్గా? మీ అన్న చెట్టై పుట్టినా బాగుండేది. లెక్కలోకన్నా వచ్చేవాడు."

నఫీసా సిరా డబ్బీ ముందుకు జరిపింది. "తాతా, ఇసుక మోసినవాళ్ళ మాట పుస్తకం మొత్తంలో ఇదొక్కటే. మీరు వెయ్యకపోతే అదీ ఉండదు. అంతా లమీన్ గారే తవ్వినట్టు అయిపోతుంది."

"వేసెయ్యరా" అంది మబ్రూకా. "ఆయన ఎలాగూ పోయాడు. నువ్వన్నా ఉండు."

బెల్గాసెం బొటనవేలు సిరా డబ్బీదాకా వెళ్ళింది. వేలి చివర చర్మం బుట్ట తాళ్ళకి ఎప్పుడో అరిగిపోయింది. ముద్ర సరిగ్గా పడుతుందో లేదో కూడా తెలీదు.

"ఒకసారి తలూపాను తల్లీ. అది చాలు" అన్నాడు. "మా అన్న లేనిచోట నేనూ వద్దు. పట్టుకెళ్ళు."

"తాతా, వాళ్ళకి కావలసింది అదే కదా!"

"తెలుసు."

నఫీసా కాగితాలు సంచిలో పెట్టుకుని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. మబ్రూకా లేచి చెంబు వంచింది. ఎండిన ఇసుక నీళ్ళని పీల్చేసుకుంది. తడి మరక కూడా నిలవలేదు.

ఏడో లారీ రివర్సులో గట్టుదాకా వచ్చింది. లెమ్మని డ్రైవరు హారన్ కొట్టాడు. మబ్రూకా వచ్చి మరిది పక్కన కూలబడింది. డ్రైవరు మళ్ళీ కొట్టాడు. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

అతను కిందికి దిగి, ముసలివాళ్ళని కాసేపు చూసి, ఏమనుకున్నాడో ఏమో మళ్ళీ ఎక్కాడు. లారీని అవతలి గట్టుకి తిప్పుకెళ్ళి, అక్కణ్ణుంచి ఇసుక గుమ్మరించాడు.