నాలుగో కాలు

గేటు దగ్గర సెక్యూరిటీవాడు ఆమె సంచీ తెరిపించాడు. లోపలున్న అదురు కొలిచే పరికరాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంజనీరుగారు ఎప్పుడొస్తారమ్మా?" అని అడిగాడు.

"వచ్చేశారు," అందామె.

వాడు ఆమె భుజం మీదుగా వెనక్కి తొంగి చూశాడు. అక్కడెవరూ లేరు. ఇలాంటి చూపులకి తనకిప్పుడు కోపం రావడం మానేసిందని ఆమె నలుగురిలో చెబుతూ ఉంటుంది. అది పచ్చి అబద్ధం. ప్రతిసారీ వస్తుంది, అరికాలి మంట నెత్తికెక్కుతుంది. కాకపోతే దాన్ని నోట్లోనే అణుచుకోవడం అలవాటైంది.

పాలిటెక్నిక్‌లో మెకానికల్ తీసుకున్నప్పుడు, చొక్కాల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే వాళ్ళమ్మ, "చేతులకి నల్లనూనె అంటించుకుని తిరిగితే నిన్నెవడు చేసుకుంటాడే?" అని నెత్తీ నోరూ బాదుకుంది. మొదటి ఉద్యోగం పంపులు బాగుచేసే షెడ్డులో. యజమాని ఆమె చేతికి స్పానరు ఇవ్వలేదు, టెలిఫోన్ ఇచ్చాడు. ఆడగొంతు అయితే గిరాకీ పెరుగుతుందట! అక్కణ్ణించి పోట్లాడుకుని కరెంటు ప్లాంటుకి వెళ్ళింది. అక్కడ బేరింగు మీద ఇనుపకడ్డీ ఒక కొస ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని వినేది. మగాళ్ళు నవ్వుకుని "డాక్టరమ్మ" అని పేరు పెట్టారు. ఎగతాళికి పెట్టిన పేరే ఊరంతా పాకింది. సొంతంగా కన్సల్టెన్సీ పెట్టుకున్నాక విజిటింగ్ కార్డు కంటే ఆ పేరే ఎక్కువ పనులు తెచ్చింది. నల్లనూనె చేతులని చూసే చేసుకున్న మొగుడు మాత్రం, "నీ బట్టలకంటిన గ్రీజు వదులుతుంది గానీ నీ నోటి కారం వదలదు," అంటూ ఉంటాడు. అందులో అబద్ధం లేదు.

ఈ కాగితం మిల్లుకి ఆమెను పిలిపించింది వర్క్స్ మేనేజరు. కరెంటు ప్లాంటులో ఆమెకి సీనియరు. అక్కడా ఇక్కడా అందరూ ఆయన్ని పెద్దాయన అనే పిలుస్తారు. ఆయన కూర్చోమనకముందే ఆమె కూర్చుంది. అది ఆయనకి నచ్చలేదు.

"బాయిలరు ఫ్యాను మోటారు బేరింగు రెండుసార్లు కాలిపోయింది," అన్నాడు. "రెండుసార్లూ డ్యూటీలో ఉన్నది ఆ షిఫ్టు ఇంజనీరు పిల్లే. గ్రీజు సరిగ్గా పెట్టించలేదని నువ్వు రాసిచ్చేస్తే దాని పని అయిపోతుంది."

"నేనింకా మోటారు మొహమే చూడలేదు సార్."

"చూడు, ఎవరొద్దన్నారు? చూసి రాయి. మేం రాస్తే ఆడపిల్ల మీద కక్ష కట్టామంటారు. నువ్వు రాస్తే ఒక్కడూ నోరెత్తడు." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "మా కంపెనీకి ఇంకా చాలా మిల్లులున్నాయి. ఏడాది పొడుగునా పనుంటుంది నీకు."

ముల్లుని ముల్లుతోనే తీయాలంటారు. తనని పిలిచింది డాక్టరమ్మ అని కాదు, రెండో ముల్లుగా పనికొస్తుందని. ఆయన మొహాన ఆ కాంట్రాక్టు విసిరికొట్టి వెళ్ళిపోవాలనిపించింది. వెళ్ళిపోతే ఇంకొకర్ని పిలుస్తారు. ఆ ఇంకొకరు ఆయన చెప్పినట్టే రాస్తారు. ఆమె సంచీ భుజాన వేసుకుని ఫ్యాను దగ్గరికి నడిచింది.

ఫ్యాను గది పొడుగునా వేడిగాలి, ఇనుము అదురుతున్న చప్పుడు. మేస్త్రీ, ఆయన మనుషులు నలుగురు, గోడవారగా షిఫ్టు ఇంజనీరు. మనిషి సన్నగా ఉంది, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. ఆమెని చూడగానే ముందుకొచ్చింది.

"నన్ను పీకడానికొచ్చింది మీరేనా?"

"మోటారు చూడ్డానికొచ్చాను."

"ఏదో ఒకటి. త్వరగా కానివ్వండి."

పొగరుబోతు, అనుకుందామె. అనుకున్న వెంటనే, తనని కూడా అందరూ ఇదే మాట అనేవాళ్ళని గుర్తొచ్చి మరింత చిరాకు పడింది.

మోటారుకి నాలుగు కాళ్ళు, కాలికో బోల్టు. ఆ మిల్లులో ఒక ఆచారం ఉంది: ఏది కదిలినా బిగించడమే. స్పానరు పిడికి పొడుగాటి పైపు తొడిగి, దాని మీద ఇద్దరు వేలాడతారు. బోల్టు కీచుమంటేనే మేస్త్రీకి తృప్తి. "కదిలిందంటే బిగువు చాల్లేదనే కదా మేడమ్," అన్నాడాయన. "మా చేతి బిగువుకి దయ్యమైనా కదలదు."

"మరి కదులుతోందిగా?"

"అది గ్రీజు తేడా," అన్నాడు మేస్త్రీ, ఇంజనీరు వైపు చూపించి. నలుగురూ ముసిముసిగా నవ్వారు.

ఆమె పరికరాన్ని బేరింగు మీద ఆనించింది. అదురు ఉండాల్సిన దానికి రెట్టింపు ఉంది. కానీ లోపల గ్రీజు ఎండిన మోటారు అదురు ఇలా ఉండదు. దీన్నెవరో కింద నుంచి మెలిపెడుతున్నట్టుంది. "మేస్త్రీ, ఒక్కో బోల్టూ కాస్త వదులు చేసి, నేను చూశాక మళ్ళీ బిగించండి," అంది.

"నడుస్తున్న మోటారుకి బోల్టు వదులు చేయడమా? మా ఇంటా వంటా లేదు!" మేస్త్రీ చేతులు కట్టుకున్నాడు. ఆయన కట్టుకుంటే మిగతా నలుగురూ కట్టుకున్నారు.

షిఫ్టు ఇంజనీరు ఎవరి వైపూ చూడకుండా స్పానరు తీసుకుంది. మొదటి బోల్టు జోలికి పోలేదు, రెండోది ముట్టుకోలేదు. చుట్టూ తిరిగి గోడవైపున్న నాలుగో కాలి దగ్గర కూర్చుని, బలమంతా పెట్టి ఆ బోల్టుని కొద్దిగా తిప్పింది.

అదురు సగానికి పడిపోయింది. పరికరం చూడనక్కర్లేదు, చెవికే తెలిసింది. అంతసేపూ మూలిగిన మోటారు హాయిగా ఊపిరి పీల్చుకున్నట్టయింది. మేస్త్రీ కట్టుకున్న చేతులు జారిపోయాయి.

చప్పుడు మారిందని పెద్దాయన పరిగెత్తుకొచ్చాడు. "ఎవడు వదులు చేయమన్నాడు? బిగించండి!" అని గావుకేక పెట్టాడు. ఇద్దరు పైపుకి వేలాడారు, బోల్టు కీచుమంది, అదురు మళ్ళీ మొదలైంది. అందరూ చూశారు, అందరూ విన్నారు. మేస్త్రీ మళ్ళీ చేతులు కట్టుకున్నాడు.

ఆమె ఇంజనీరుని పక్కనున్న స్టోరు గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది.

"సరాసరి నాలుగోదాని దగ్గరికే వెళ్ళావు. నీకు ముందే తెలుసు."

"మోటారు మార్చిన రోజే తెలుసు. ఆ కాలు సరిగ్గా ఆనలేదు, కింద కాగితం దూరుతోంది సార్, సన్నరేకు పెట్టి బిగిద్దాం అన్నాను. పెద్దాయన దగ్గరుండి మార్పించిన మోటారది. కాగితం మిల్లులో కాగితం దూరకపోతే ఇంకేం దూరుతుంది అని అందర్నీ నవ్వించాడు. ఆనని కాలిని బలవంతంగా కిందికి లాగి బిగించేశారు. మోటారు అలా మెలిపడితే బేరింగు కాలకేం చేస్తుంది?"

"ఇది నువ్వు కనిపెట్టావని నీ పేరుతో సహా రాస్తాను."

"చచ్చినా రాయకండి."

ఆమె తెల్లబోయింది.

"మేస్త్రీ కనిపెట్టాడని రాయండి. ఆయన పెద్దాయనకి స్వయానా బావమరిది. అప్పుడే ఆ రిపోర్టు చిత్తుబుట్టలోకి పోదు. కాలు కింద రేకు పడుతుంది, గ్రీజు మాట ఎగిరిపోతుంది, నా ఉద్యోగం ఉంటుంది."

"వాడా? చేతులు కట్టుకుని నిలబడ్డవాడా?" ఆమె గొంతు లేచింది. "నీకు సిగ్గుగా లేదూ?"

"మీరు సాయంత్రం కారెక్కి పోతారు మేడమ్. రేపు పొద్దున్న వీళ్ళ మధ్య నిలబడాల్సింది నేను. మీరు నన్ను మెచ్చుకుంటూ ఒక్క ముక్క రాసినా నన్నిక్కడ బతకనివ్వరు. బతికుంటే బలుసాకు తినొచ్చు. పేరు సంగతి తర్వాత చూసుకుంటాను." ఆ అమ్మాయి ఆమె కళ్ళలోకి సూటిగా చూసింది. "మీరెలా పైకొచ్చారో చెప్పండి చూద్దాం."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది, ఎందుకంటే జవాబుంది. కరెంటు ప్లాంటులో ఏ లోపం కనిపెట్టినా, "సార్, మొన్న మీరన్నారు కదా" అనే మొదలుపెట్టేది. ఎన్నడూ అననివాడు కూడా "అవును, అన్నాను" అని తలాడించి, వెంటనే పని చేయించేవాడు. అలా ఏళ్ళ తరబడి తన తెలివిని దోసిళ్ళతో పంచిపెట్టింది. దాని మీద ప్రమోషన్లు కొట్టిన వాళ్ళలో పెద్దాయన ఒకడు. ఆ సంగతి ఆయనకి గుర్తుందో లేదో గానీ, ఆమె ఒక్కరోజూ మర్చిపోలేదు. కన్సల్టెన్సీ పెట్టిందే ఆ మాట మళ్ళీ అనకుండా బతకడానికి.

ఆమె బల్ల ముందు కూర్చుని రిపోర్టు మొదలుపెట్టింది. నాలుగో కాలు కింద ఖాళీ ఉందని రాసింది. గ్రీజు సరిగ్గానే ఉందని, షిఫ్టు సిబ్బంది తప్పు రవ్వంత కూడా లేదని రాసింది. లోపాన్ని మొదట గమనించింది ఎవరో రాసే చోట పెన్ను ఆగిపోయింది. ఆ అమ్మాయి తలుపుకి ఆనుకుని చూస్తూ ఉంది. ఆమె పళ్ళు బిగబట్టి మేస్త్రీ పేరు రాసి, కింద సంతకం పెట్టింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

పెద్దాయన గదిలో అందరూ చేరారు. రిపోర్టు చదువుతూ ఆయన మొహం మొదట మాడింది, చివరికొచ్చేసరికి వెలిగింది. మేస్త్రీ రొమ్ము విరుచుకుని, "నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నా బావగారూ," అన్నాడు. నమ్మి మరీ అన్నాడు!

"చూశావా?" అన్నాడు పెద్దాయన ఆమెతో. "మావాళ్ళకి తెలిసినదానికి నిన్ను పిలవడం శుద్ధ దండగ. మిగతా మిల్లుల సంగతి ఇక మర్చిపో."

"నేర్చుకో అమ్మాయ్," అన్నాడు మేస్త్రీ ఇంజనీరుతో. "అనుభవమంటే ఇదీ."

"నేర్చుకుంటాను మేస్త్రీ," అంది ఇంజనీరు అణకువగా.

ఆ గదిలో ఎవరినో ఒకర్ని లాగి కొట్టాలనిపించింది ఆమెకి. సంచీ తీసుకుని లేచింది. ఇంజనీరు మర్యాదగా తలుపు తెరిచి పట్టుకుని, గదిలో అందరికీ వినపడేలా అంది:

"పాపం, శ్రమపడి వచ్చారు మేడమ్. మీరు రాకపోయినా మా మేస్త్రీ చూసుకునేవాడు."

అందరూ పగలబడి నవ్వారు. అందరికంటే గట్టిగా పెద్దాయన నవ్వాడు, నవ్వుతూనే ఆ అమ్మాయి వైపు మొదటిసారి మెచ్చుకోలుగా చూశాడు. ఆ చూపు కోసమే ఆ మాట అన్నదని ఆమెకి తెలుసు. ఆ వయసులో తనైనా అదే అనేది. తెలిసినా, కారెక్కేదాకా చెంప మండుతూనే ఉంది.